‘నాని’ మన ముద్దుపేరేనా, అరువు తెచ్చుకున్నదా?

గోదారి కోడలు:
మా బాబుని ఇంట్లో నాని అంటాం. మొన్న లిఫ్ట్ దగ్గర "నానీ, చెప్పులేసుకో" అంటుంటే పక్క ఫ్లాట్ లక్నో ఆవిడ తెల్లబోయి చూసింది. హిందీలో నానీ అంటే అమ్మమ్మ కదా! మా మరిదేమో గుజరాతీలో నానీ అంటే చిన్నది, పేరు అక్కడినుంచే వచ్చిందంటాడు. నిజమేనా?

సూరత్ తెలుగోడు:
మీ మరిది మాటే సబబు. పాతికేళ్లుగా ఇక్కడే ఉన్నాను, రోజూ వినే మాట. దమణ్ ఊళ్లో ఏటికి ఒక ఒడ్డున నానీ దమణ్, రెండో ఒడ్డున మోటీ దమణ్, అంటే చిన్నది, పెద్దది. లాయరు పాల్కీవాలా గారిని కూడా అందరూ నానీ అనేవారు. మనం పిలిచేదీ చిన్నపిల్లల్నే కదా.

మాటల మూట:
నేను ఒప్పుకోనండీ. గుజరాతీలో నానీ స్త్రీలింగం, మగపిల్లాడైతే నానో అవ్వాలి. మనవాళ్లలో నానిలు ఎక్కువగా మగపిల్లలే. పాల్కీవాలా గారిది నానాభాయ్ అనే పేరుకి పొట్టి రూపం. జపనీస్‌లో నాని అంటే ‘ఏమిటి’, హవాయి భాషలో ‘అందమైన’. ధ్వని కలిసిందని చుట్టరికం కలిపేస్తామా?

మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెడతారు. మొగుడి పేరు నానమ్మ పలకదు, మామగారి పేరు కోడలు పలకదు. మరి పిల్లాణ్ణి పిలిచేదెలా? నాన్నా, అబ్బాయి, బుజ్జి, నాని! మా అన్నయ్యకి తాతయ్య పేరు సుబ్బారాయుడు. బళ్లో చేర్చిన రోజు మాస్టారు మూడుసార్లు పిలిచినా వాడు పలకలేదు. అది తన పేరని వాడికి తెలిస్తే కదా! చిన్న నుంచి చిన్ని వచ్చినట్టే నాన్న నుంచి నాని వచ్చిందని నా నమ్మకం.

సూరత్ తెలుగోడు:
నాన్నలో ఒత్తు ఉంది, నానిలో లేదు. అదెలా పోయింది?

మాటల మూట:
నాన్నమ్మని నానమ్మ అనడం లేదా? అలాగే.

బందరు లడ్డు:
మా కృష్ణా జిల్లాలో వీధికో నాని ఉంటాడు. పేర్ని నాని గారి అసలు పేరు వెంకటరామయ్య, కొడాలి నాని గారిది శ్రీవేంకటేశ్వరరావు. అంత పొడుగు పేర్లు ఇంట్లో ఎవరు పిలుస్తారు? అయితే హీరో నాని అసలు పేరు నవీన్‌బాబు. అది తాతల కాలం పేరులా లేదు. కాబట్టి ప్రతి నాని వెనకా తాతగారు ఉన్నారనలేం.

గోదారి కోడలు:
ఇవన్నీ చదివి మా అత్తగారిని అడిగాను. బాబుకి మామగారి పేరే పెట్టాం, సత్యనారాయణ. "ఆ పేరు నా నోట ఎలా వస్తుందమ్మా, అందుకే ఆస్పత్రిలో చేతికివ్వగానే నాని అన్నాను" అన్నారు. నేనూ ఇన్నాళ్లూ వాణ్ణి ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదని అప్పుడే గుర్తొచ్చింది.

సూరత్ తెలుగోడు:
ఒక ఇంటి సంగతితో మాట పుట్టుక తేలదమ్మా. నానమ్మ ఉదాహరణ మాత్రం ఒప్పుకుంటున్నాను.