కొత్త బ్యాటరీ వేసినా ఆరని ఎర్ర లైటు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్లుగా వాడుతున్న డీజిల్ కారులో, గత వారం రాత్రి వానలో ఖమ్మం నుంచి విజయవాడ వస్తుండగా, హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ నడుస్తున్నప్పుడు బ్యాటరీ గుర్తున్న ఎర్ర లైటు మసకగా వెలిగింది. యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతోంది, బండి ఆగితే మళ్లీ వస్తోంది. బ్యాటరీ పోయిందని మెకానిక్ చెప్పడంతో కొత్తది వేయించాను. మూడో రోజుకే లైటు మళ్లీ కనిపించింది. కొత్తదానిలోనూ లోపం ఉందా? పిల్లలతో దూరప్రయాణం ఉన్నందున ఆందోళనగా ఉంది.

సమాధానం 1:
ఆ లైటు మీద ఉన్నది బ్యాటరీ బొమ్మే అయినా, అది చెప్పేది ఛార్జింగ్ సంగతి అండీ. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ టెర్మినళ్ల మధ్య కొలవండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 చూపాలి; ఇంజన్ నడుస్తుంటే మీ కాలపు బండ్లలో సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లైట్లు, ఏసీ వేయగానే అది 13 కంటే దిగితే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) చాలినంత కరెంటు ఇవ్వడం లేదని అర్థం. కొత్త బ్యాటరీ ఈ మూడు రోజులూ తనలోని ఛార్జినే ఖర్చుపెట్టి ఉంటుంది.

సమాధానం 2:
ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు బిగువు, ఎర్త్ వైరు, టెర్మినళ్ల తుప్పు కూడా చూడండి. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదేనని తేల్చే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. దయచేసి దానికి ఒప్పుకోకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, కంప్యూటర్ యూనిట్ కాలిపోవచ్చు. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేదీ అదే బెల్టు కనుక, ఈ లైటుతో పాటు టెంపరేచర్ ముల్లు లేస్తే వెంటనే బండి ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిచాను. ఇంజన్ ఆపి ఉంచితే 12.2, నడుస్తుంటే 13.4, లైట్లూ ఏసీ వేస్తే 12.5 వచ్చింది. బెల్టు, వైర్లు బాగానే ఉన్నాయి. ఆటో ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ విప్పి చూపించారు: లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు కార్బన్ ముక్కలలో (బ్రష్‌లు) ఒకటి బియ్యపు గింజంతే మిగిలి, ఆ భాగం మీది స్లిప్ రింగుకు ఆనీ ఆనకుండా ఉంది. బ్రష్‌లు మార్చి, రింగులు శుభ్రం చేశాక అన్నీ వేసినా 14.1 చూపుతోంది, లైటు రాలేదు.

సమాధానం 1:
సంతోషం. 12.2 అంటే బ్యాటరీ దాదాపు సగం ఖాళీ అయినట్టే. ఆ భారమంతా ఆల్టర్నేటర్ మీద వేయకుండా, ప్రయాణానికి ముందు బ్యాటరీ షాపులో ఒక రాత్రి నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టించండి.