పిత్తాశయం వాచినప్పుడు వెంటనే ఆపరేషనా, ఆరు వారాలు ఆగడమా?

కంచిలి సభ్యుడు:
మా అమ్మగారి వయసు 58. ఒక రాత్రి భోజనమైన కాసేపటికి కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోకి పాకి, తెల్లవారినా వదలలేదు. ఊళ్ళో గ్యాస్ అని ఇంజెక్షన్ చేశారు. మూడో రోజు జ్వరంతో శ్రీకాకుళం తీసుకువెళ్తే, స్కానింగులో రాళ్ళూ, పిత్తాశయం గోడ వాపూ కనిపించాయి. ఒక సర్జన్ గారు మరునాడే తీసేద్దామన్నారు. మరొకరు యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గించి ఆరు వారాల తరువాత రమ్మన్నారు. మేము రెండో మాట విన్నాం. 22వ రోజున మళ్ళీ అదే నొప్పితో చేరాం. ఇప్పుడు ఆపరేషన్ అయింది, కోలుకున్నారు. అయినా మొదటిసారే చేసి ఉండవలసిందా అన్న సందేహం తీరలేదు.

విజయనగరం సర్జన్:
చేసి ఉండవలసిందే. 2013లో వెలువడిన జర్మనీ పరిశీలనలో 618 మందిని రెండు వర్గాలు చేసి, ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లోపు ఆపరేషన్ చేసినవారిని 7 నుంచి 45 రోజుల మధ్య చేసినవారితో పోల్చితే, దుష్పరిణామాలు మొదటి వర్గంలో 11.8 శాతం, రెండో వర్గంలో 34.4 శాతం ఉన్నాయి. నొప్పి మొదలై 72 గంటలు దాటితే చేయి పెట్టకూడదన్నది పాత మాట. రోగి తట్టుకోగలిగితే ఎన్ని గంటలైందన్నది చూడకుండా త్వరగా చేయమనే పిత్తాశయ వాపు చికిత్సపై వచ్చిన 2018 టోక్యో మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఉద్దానం ప్రాంత వైద్యాధికారి:
ఆ అంకెలతో నాకు పేచీ లేదు గానీ, మరీ ప్రమాదకర స్థితిలో ఉన్నవారిని ఆ పరిశీలనలో చేర్చలేదన్నది కూడా చెప్పాలి. పైగా అందులో గడియారం ఆస్పత్రి గుమ్మంలో మొదలవుతుంది; మా రోగికి అది గ్యాస్ ఇంజెక్షన్‌కు ముందే మొదలైపోయి ఉంటుంది. కుడి పక్కటెముకల కింద వేళ్ళు ఆనించి గాలి గట్టిగా పీల్చమంటే, సగంలోనే ఊపిరి బిగబట్టి చేయి తోసేస్తారు. అది చూసుకుని, ఈసీజీ తీసి గుండె సంగతి తేల్చుకుని అదే రోజు స్కానింగుకు పంపితే ఈ చర్చలో సగం ఉండదు. ఇక మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంటింటి సంగతి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడవడం ఇక్కడ చిన్న తప్పు కాదు. అలాంటి రోగి జ్వరంతో, పడిపోతున్న బీపీతో వస్తే రేపే ఆపరేషన్ అని నేను అనలేను.

విజయనగరం సర్జన్:
అలాంటివారికి ముందు సెలైన్, యాంటీబయాటిక్స్, అవసరమైతే చర్మం గుండా గొట్టం వేసి చీము తీయడం. అందులో తేడా లేదు. జ్వరంతోపాటు కామెర్లు ఉంటే రాయి పిత్తనాళంలో ఉందని అనుమానించి, ముందు ఎండోస్కోపీతో ఆ దారి తెరవాలి. కానీ ఈ మినహాయింపులను చూపి, తట్టుకోగల 58 ఏళ్ళ మనిషిని ఇంటికి పంపడాన్ని ఒప్పుకోను. వాపులో పిత్తనాళం తెగుతుందన్న భయం నిజమే. ఎక్కడ కోయాలో చెప్పే గుర్తులు లోపల స్పష్టంగా తెలియకపోతే పిత్తాశయాన్ని కొంత వదిలి బయటపడటం ఓటమి కాదు. అంత అనుభవం ఉన్న చేయి దగ్గర లేకపోతే, ఆరు వారాలు ఆపడం కాదు, ఆ రోజే విశాఖకు పంపాలి.

ఉద్దానం ప్రాంత వైద్యాధికారి:
పంపే మాటకు ఒప్పుకుంటాను. ఏ కారణం చేతనైనా వాయిదా వేస్తే మాత్రం తేదీ రాసి ఇవ్వాలి. జ్వరం, కళ్ళ పసుపు, ముదురు రంగు మూత్రం కనిపిస్తే అదే రాత్రి రమ్మని తెలుగులో చెప్పాలి.

కంచిలి సభ్యుడు:
మా డిశ్చార్జ్ షీటు ఇప్పుడే తీసి చూశాను. ఆరు వారాల తరువాత రావాలని ఒక్క ముక్క ఉంది. తేదీ లేదు.