రెఫరెండం ఫలితాన్ని ‘గౌరవించాలా’, ‘అమలు చేయాలా’? – మాట మీద చర్చ

అనువాద విభాగం, సోమాజిగూడ:
అందరికీ నమస్కారం. ‘ప్రజలను రెండుగా చీల్చిన రెఫరెండం ఫలితాన్ని ప్రభుత్వాలు గౌరవించాలా?’ అనే వ్యాసం తెలుగు చేస్తున్నాం. రెండు చోట్ల ఆగాం. రెఫరెండానికి, అంటే ఒక ప్రశ్న మీద ప్రజలు నేరుగా వేసే ఓటుకు, పత్రికల్లో స్థిరపడిన మాట ‘ప్రజాభిప్రాయ సేకరణ’. గనికో సిమెంటు ఫ్యాక్టరీకో కాలుష్య నియంత్రణ మండలి జరిపే విచారణకూ అదే మాట వాడుతున్నాం. ఇక రెండోది ‘గౌరవించాలా’. ఈ క్రియ సరిపోతుందా?

నల్లకుంట వకీలు:
మొదటిది చిన్న సమస్య కాదండీ. ఆ రెండు ప్రక్రియలకూ పోలికే లేదు. పర్యావరణ విచారణ 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సాగుతుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. కోరం అవసరం లేదు, ఓటింగు ఉండదు. వెయ్యి మంది వద్దన్నా ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కి పైకి వెళ్తుంది, నిర్ణయం మరొకరిది. ఇన్నేళ్లుగా ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే ఇదేనని చూసిన పాఠకుడికి, ఐర్లండ్‌లో రాజ్యాంగ సవరణ మీద జరిగే ఓటును కూడా ఆ పేరుతోనే చెబితే ఏమర్థమవుతుంది? అక్కడ ఓటర్లు కాదంటే సవరణ బిల్లు చట్టమే కాదు. 2001లో యూరోపియన్ యూనియన్‌కు చెందిన నీస్ ఒప్పందానికి ఓటర్లు అలాగే అడ్డం పడ్డారు. ప్రభుత్వం ఆ ఓటును పక్కన పెట్టి ముందుకు పోలేకపోయింది. సైనిక తటస్థ విధానంపై హామీలు తెచ్చుకుని 2002లో మళ్లీ ప్రజల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

మన రాజ్యాంగంలోనూ ‘అభిప్రాయం’ అన్నది బలహీనమైన మాటే. రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దుల మార్పు గురించిన మూడో అధికరణ కింద రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపి అడిగేది అభిప్రాయం మాత్రమే. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. అది చట్టవిరుద్ధం కాలేదు, ఎందుకంటే అడిగింది అనుమతి కాదు. అదే 2013 భూసేకరణ చట్టం చూడండి. ప్రైవేటు కంపెనీకి భూమి సేకరించాలంటే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం ‘సమ్మతి’ కావాలి. అభిప్రాయం వినవచ్చు, వినకపోవచ్చు. సమ్మతి లేకపోతే మాత్రం పని ఆగాల్సిందే.

తార్నాక మాస్టారు:
వకీలు గారు చెప్పినదానికి వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. ‘సేకరణ’లో కర్త అధికారి. చందాల సేకరణ, వివరాల సేకరణ లాగే, సేకరించడంతో ఆ పని ముగుస్తుంది. ‘తీర్పు’లో కర్త ప్రజలు. కానీ ‘ప్రజాతీర్పు’ను మనం సాధారణ ఎన్నికలకు ఇచ్చేశాం. పైగా ప్రతి ఉప ఎన్నికనూ ‘మా పాలనకు రెఫరెండం’ అనే నాయకుల వల్ల ఆ మాట కూడా పలచబడింది. అందుకే చట్టపరంగా కట్టిపడేసే ఓటుకు ‘ప్రజామోద ఓటు’ అందాం. సలహా కోసం జరిపేదానికి ‘సలహాపూర్వక ప్రజాభిప్రాయ సేకరణ’ అని పూర్తిగా రాద్దాం, పొడుగైనా సరే.

‘జనవాక్యం కర్తవ్యం’ అని మనవాళ్లు తరచూ అంటారు. కృ ధాతువు మీద ‘తవ్య’ ప్రత్యయం చేరితే చేయదగినది, చేయవలసినది అని రెండర్థాలూ వస్తాయి. ఈ వివాదమంతా ఆ రెంటి మధ్యే ఉంది.

బర్కత్‌పుర సభ్యురాలు:
నాకు అభ్యంతరం ఉందండీ. బొటాబొటి మెజారిటీని కర్తవ్యం అనడం ఎలా? 2016 జూన్ 23న బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్ నుంచి ‘వైదొలగాలి’ అన్నదానికి పడింది 51.9 శాతం, పోలింగు 72.2 శాతం. అంటే మొత్తం ఓటర్లలో 37 శాతం పైచిలుకు. తరాల పాటు నిలిచే నిర్ణయానికి ఇది చాలా?

నల్లకుంట వకీలు:
చాలదని అనుకుంటే ఆ సంగతి ఓటుకు ముందే చట్టంలో రాయాలమ్మా. లెక్క తేలాక గీత పైకి జరపకూడదు. అదే బ్రిటన్ ఒకప్పుడు ముందే రాసింది. 1979లో స్కాట్లండ్ శాసనసభ మీద ఓటు పెట్టినప్పుడు మొత్తం ఓటర్లలో 40 శాతం ‘అవును’ అనాలని షరతు పెట్టారు. పోలైన వాటిలో 51.6 శాతం అవునన్నా మొత్తం ఓటర్లలో అది 32.9 శాతమే కావడంతో శాసనసభ రాలేదు. అన్యాయమని చాలామంది బాధపడ్డారు, కానీ నియమం ముందే తెలుసు. మన రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ కూడా 1955లో, హైదరాబాద్ రాష్ట్రం ఆంధ్రలో కలవాలంటే 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలని సిఫారసు చేసింది. ఆ పరీక్ష జరగకుండానే 1956లో విలీనం జరిగింది. గీత గీసి దాన్ని వదిలేస్తే ఎంతకాలం సలుపుతుందో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు.

2016 ఓటుకు అలాంటి గీతేదీ లేదు. 2015 నాటి చట్టం ఓటు జరపమంది తప్ప, ఫలితం వచ్చాక ఏం చేయాలో చెప్పలేదు. 2011లో ఓటింగు పద్ధతి మార్పు మీద జరిగినదానికి మాత్రం ‘అవును’ గెలిస్తే మంత్రి ఆ మార్పును అమల్లోకి తేవాల్సిందేనని చట్టమే ఆదేశించింది. అందుకే 2017 జనవరి 24న బ్రిటన్ సుప్రీంకోర్టు 8–3 తేడాతో, వైదొలగే నోటీసుకు పార్లమెంటు చట్టం కావాలంది. మరోవైపు ప్రభుత్వం ఇంటింటికీ పంచిన కరపత్రంలో, మీరు నిర్ణయించినదే అమలు చేస్తామని రాసింది. చట్టం కట్టకపోయినా ఆ మాట కట్టింది. నా దృష్టిలో వెనక్కి పోయే దారి అక్కడే మూసుకుపోయింది.

అయితే కట్టుబడాల్సింది బ్యాలెట్ మీద ఉన్న మాటకే. ‘వైదొలగడం’ ఉంది కానీ యూరప్ దేశాల ఏకీకృత మార్కెట్‌లో ఉండాలా, ఉమ్మడి సుంకాల కూటమి అయిన కస్టమ్స్ యూనియన్‌లో ఉండాలా అన్నది లేదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు నింపబోయారు. 2019లో జనవరి 15, మార్చి 12, మార్చి 29న ఉపసంహరణ ఒప్పందం బ్రిటన్ పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో మూడుసార్లు వీగిపోయింది, మొదటిసారి 230 ఓట్ల తేడాతో. ప్రశ్న పత్రం మీద అసంపూర్ణంగా ఉంటే ఫలితం ఎంత స్పష్టంగా ఉన్నా అమలు తెగదు.

తార్నాక మాస్టారు:
దీనికి ఎదురు ఉదాహరణ గోవా. 1967 జనవరి 16న మహారాష్ట్రలో కలవడానికి పువ్వు గుర్తు, విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా ఉండడానికి రెండాకుల గుర్తు. రెండే దారులు, రెండూ స్పష్టం. చట్టంలో దాని పేరు ‘ఒపీనియన్ పోల్’ మాత్రమే. 1,72,191 ఓట్లు విడిగా ఉండటానికి, 1,38,170 విలీనానికి పడ్డాయి. కేంద్రం ఆ ఫలితానికే కట్టుబడింది.

అనువాద విభాగం, సోమాజిగూడ:
మరి ‘గౌరవించాలా’ సంగతి?

నల్లకుంట వకీలు:
వద్దు. ‘కోర్టు తీర్పును గౌరవిస్తున్నాం, పై కోర్టుకు వెళ్తాం’ అని రోజూ వింటున్నాం. గౌరవించడానికీ అమలు చేయడానికీ మధ్య చాలా చోటుంది. గ్రీసులో 2015 జులై 5న అప్పులిచ్చినవాళ్ల ప్రతిపాదనకు 61.3 శాతం ‘వద్దు’ అన్నారు. జులై 13 కల్లా ప్రభుత్వం పొదుపు షరతులున్న మూడో సహాయ ప్యాకేజీకి ఒప్పుకుంది. ఓటు జరిగింది జూన్ 25 నాటి ముసాయిదా మీదే కనుక మాట తప్పలేదని వాదించవచ్చు. కానీ ఓటు వేసినవాళ్లు పొదుపు చర్యలు వద్దనే వేశారు. ‘గౌరవించింది’ అంటే అక్కడ అబద్ధం కాదు, అలాగని నిజమూ చెప్పదు.

అనువాద విభాగం, సోమాజిగూడ:
అయితే శీర్షిక ‘రెఫరెండం ఫలితానికి ప్రభుత్వం కట్టుబడాలా?’ అని పెడుతున్నాం. బ్రిటన్ 2016కు ‘సలహాపూర్వక’ తప్పకుండా చేరుస్తాం, ఐర్లండ్‌కు ‘ప్రజామోద ఓటు’. కాలుష్య మండలి వార్తలకు ఏం రాయమంటారు?

బర్కత్‌పుర సభ్యురాలు:
‘బహిరంగ విచారణ’. ఆ మాట ఇప్పటికే ఉంది, పల్లెల్లోనూ తెలుసు.