పాత స్టీల్ ఫ్రేమ్ బాగుచేయించాలా, సెకండ్‌హ్యాండ్ కార్బన్ కొనాలా?

అందరికీ నమస్కారం. రెనాల్డ్స్ 531 అనే స్టీల్ ట్యూబులతో చేసిన పాత రోడ్ బైక్ ఫ్రేమ్ ఉంది. తుప్పు పైపైనే, పగుళ్లు లేవు. వెనక డ్రాపవుట్ల (చక్రం యాక్సిల్ కూర్చునే గాళ్ల) మధ్య దూరం 126 మి.మీ.; 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) రిమ్ బ్రేక్ చక్రానికి 130 కావాలి. స్టీల్ కాబట్టి వేడి చేయకుండానే ఒక్కో వైపు 2 మి.మీ. బయటికి వంచవచ్చు. కార్బన్‌తో ఈ పని అస్సలు కుదరదు. చిక్కల్లా, రెండు వైపులా సమానంగా వంగకపోవడం. అందుకే ఒక డ్రాపవుట్ నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కి దారం కట్టి, సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) నుంచి ఇటూ అటూ దారానికి దూరం కొలవాలి. ఆ తర్వాత డ్రాపవుట్లు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే యాక్సిల్ వంగిపోవచ్చు. హైదరాబాద్‌లో దీనికి అలైన్‌మెంట్ గేజ్ (డ్రాపవుట్లు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసే పనిముట్టు) ఉన్న మెకానిక్ ఎవరు?

ఇంచుమించు అదే ఖర్చుకి పాత కార్బన్ బైక్ కూడా దొరుకుతోంది. బరువు తగ్గుతుంది, నిజమే. కానీ నార్సింగి దగ్గర సైకిల్ ట్రాక్ మీద చదునుగా తొక్కేటప్పుడు ఆ తేడా పెద్దగా తెలియదని నా అభిప్రాయం. గతుకుల్లో సుఖం ఫ్రేమ్ కన్నా టైరు వెడల్పు, గాలి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. స్టీల్‌కి సొట్ట పడితే కంటికి కనిపిస్తుంది. కార్బన్‌లో దెబ్బ రంగు కింద దాగి ఉండొచ్చు. ఫోర్క్ బయటికి తీసి స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లోకి వెళ్లే ఫోర్క్ గొట్టం), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) చుట్టూ, చైన్‌స్టేలు (అక్కడి నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టాలు) చూడాలని తెలుసు. నాణెంతో తట్టి చూస్తే సరిపోతుందా? గీత రంగుదా, ఫైబర్‌దా అని మీరు ఎలా తేల్చుకుంటారు?