మ్యాచ్ చూడ్డానికి లీవ్ కావాలంటే స్కూలుకు ఏమని రాయాలి?

వేలచ్చేరి అమ్మ:
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మా వాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంది. పెద్ద మ్యాచ్‌లు, టోర్నమెంట్లు జరిగినప్పుడు పిల్లలకు లీవ్ ఇవ్వాలా వద్దా అన్నది ఈసారి చర్చకు పెట్టారు. ఆ చర్చ రావడానికి సగం కారణం మేమే కాబట్టి నోరు మూసుకుని కూర్చోలేను. ముందు జరిగింది చెప్తాను, తిట్టాలనుకున్నవాళ్లు తర్వాత తిట్టండి.

2024 సెప్టెంబరు 19, గురువారం. ఇక్కడ చెన్నైలో, చెపాక్ స్టేడియంలో బంగ్లాదేశ్‌తో టెస్టు మొదటి రోజు. మా ఆయనకు ఆఫీసులో ఎవరో రెండు టికెట్లు ఇచ్చారు. మా వాడు అప్పుడు ఆరో క్లాసు, అశ్విన్ అంటే ప్రాణం. అదే రోజు వాడికి సోషల్‌లో ఇరవై మార్కుల క్లాస్ టెస్టు. రెండింటిలో అసలు టెస్టు ఏదో మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. లీవ్ లెటర్ నేనే రాశాను: "నెల్లూరులో తాతగారికి సుస్తీగా ఉంది, చూడ్డానికి వెళ్తున్నాం." అంతకుముందు ఏడాది వాడి క్లాసు పిల్లాడి తల్లి ఒకావిడ ఉన్నదున్నట్టు రాస్తే డైరీలో ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది. ఆ భయం నాది.

తండ్రీకొడుకులు పొద్దున్నే ఫ్లయింగ్ ట్రెయిన్ (వంతెనల మీద నడిచే లోకల్ రైలు) ఎక్కి వెళ్లారు. 34కి మూడు వికెట్లు పోయాయి. రోహిత్ 6, గిల్ సున్నా, కోహ్లీ 6. తర్వాత 144కి ఆరు. ఇక లేచి వచ్చేద్దామంటే మా వాడు కుర్చీ పట్టుకుని కదలనన్నాడట. అప్పుడు కలిశారు అశ్విన్, జడేజా. ఆట ముగిసేసరికి 339కి ఆరే, అశ్విన్ 102 నాటౌట్, అదీ సొంత ఊళ్లో. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పన్నెండు లోపు పడుకోలేదు.

మర్నాడు మిస్ అడిగారు, తాతగారికి ఎలా ఉందని. నేను రాసింది సుస్తీ అని మాత్రమే. వీడు సెలైన్ ఎక్కించారన్నాడు. రెండు బాటిళ్లట! వీడి ముక్కు ఎండకు కమిలి ఉంది, చెవి వెనకాల మూడు రంగుల పెయింట్ ఇంకా పోలేదు. ఆ చెవి చూసి మిస్‌కి అంతా అర్థమైపోయింది. క్లాస్ టెస్టుకు సున్నా వేశారు, మళ్లీ పెట్టలేదు. సున్నాకి నేనేమీ బాధపడలేదు. రెండు బాటిళ్లని లెక్కతో సహా చెప్పాడు చూశారా, అక్కడ భయమేసింది. మా మామగారికి సంగతి తెలిసి పది రోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు. "నన్ను మంచమెక్కించావు కదమ్మా" అని ఇప్పటికీ అంటారు.

ఇంతకీ మీటింగులో నేను ఏం అడగాలి? లీవ్ ఇమ్మనాలా, లేక తప్పు మాదేనని ఊరుకోవాలా?

పెరంబూరు పెద్దాయన:
అమ్మా, మీ వాడు తెలివైనవాడు, కుర్చీ వదల్లేదు. నేను వదిలాను. 1986 సెప్టెంబరు 22, సోమవారం. అప్పటికి ఇది మద్రాసే. నేను తొమ్మిదో క్లాసు. ఆస్ట్రేలియాతో టెస్టు ఐదో రోజుకు మా బాబాయి దగ్గర ఒక పాస్ మిగిలింది. కడుపునొప్పని చెప్పి వెళ్లాను. గెలవాలంటే మనవాళ్లు 348 కొట్టాలి. ఒక్క రోజులో అంత ఎవరు కొడతారు, డ్రాయే అన్నారు అందరూ. లంచ్ టైముకు నాకు భయం పట్టుకుంది. మా బడిలో హాజరు రెండు పూటలా వేసేవారు. ఒక పూటైనా దక్కుతుందని బస్సెక్కి వచ్చి మధ్యాహ్నం లెక్కల క్లాసులో కూర్చున్నాను.

ఆఖరి ఓవర్లు పక్కింటి రేడియోలో విన్నాను. ఇంకొక్క బంతి మిగిలి ఉండగా మన ఆఖరి బ్యాట్స్‌మన్ మణీందర్ ఎల్బీడబ్ల్యూ. 347 ఆలౌట్, టై. టెస్టు క్రికెట్ మొత్తంలో టైలు రెండే రెండు. ఒకటి 1960లో బ్రిస్బేన్‌లో జరిగింది. రెండోది నేను సగంలో లేచి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఏ పాఠం చెప్పారో మాత్రం అడక్కండి.

లీవ్ ఇమ్మని గట్టిగా అడగండి.

ఉప్మా వద్దు:
టీవీ ఉంది, ఫోన్లో హైలైట్స్ ఉన్నాయి. ఆదివారం చూసుకోవచ్చు కదండీ. రేపు సినిమా మొదటి రోజు మొదటి ఆటకి కూడా లీవ్ అడుగుతారు.

చాక్‌పీస్:
నేను తాంబరం వైపు ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఎనిమిదో క్లాసుకు లెక్కలు చెప్తాను. పెద్దాయన గారూ, ఆ మధ్యాహ్నం ఖాళీ బెంచీలకు పాఠం చెప్పిన మాస్టారిని కూడా ఒకసారి తలుచుకోండి.

స్కూలంతటికీ సెలవు అంటే నేను ఒప్పుకోను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది క్లాసులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలి. ఈ ఊళ్లో నవంబరు, డిసెంబరు వచ్చాయంటే వాన సెలవులే. పోయిన రోజుల్ని శనివారాల్లో పూడ్చలేక చస్తున్నాం. పైగా సెలవిస్తే చూస్తారా? 2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు, ప్రారంభోత్సవం రోజు జులై 28న చెన్నైకీ చుట్టుపక్కల మూడు జిల్లాలకీ సెలవిచ్చారు. ఏం చూశారని మర్నాడు క్లాసులో అడిగాను. నలుగురు చేతులెత్తారు. మిగతావాళ్లు హాయిగా నిద్రపోయారట.

ఒక్క పిల్లవాడు ఒక్క రోజు రాకపోవడం వేరు. దానికి పాఠం ఆగదు. మాకు తలనొప్పి క్లాస్ టెస్టుతోనే. మళ్లీ పెట్టాలంటే ఇంకో పేపరు తయారుచేయాలి, విడిగా దిద్దాలి. ఆ పని ఎవరి లెక్కలోకీ రాదు. మీ మిస్ సున్నా వేసింది కోపంతో కాకపోవచ్చు, ఓపిక లేక కావచ్చు.

ఇంకోటి చెప్తాను. 2024 డిసెంబరులో మన దొమ్మరాజు గుకేశ్ సింగపూర్‌లో చెస్ ప్రపంచ టైటిల్ కోసం డింగ్ లిరెన్‌తో ఆడుతుంటే మనకు ఆట మధ్యాహ్నం రెండున్నరకు మొదలయ్యేది, అంటే సరిగ్గా ఆఖరి పీరియడ్లు. 11వ తేదీ, బుధవారం, పదమూడో గేమ్. పిల్లల చూపంతా గడియారం మీదే ఉంది. ఆఖరి ఇరవై నిమిషాలు స్మార్ట్ బోర్డు మీద పెట్టేశాను. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి లేచి ఆ ఏనుగు అక్కడికి ఎందుకు వెళ్లిందో క్లాసుకు చెప్పింది. ఆ గేమ్ డ్రా అయింది. మర్నాడు ఆఖరి గేమ్. ఆ రోజు నన్నెవరూ లీవ్ అడగలేదు. వానకు స్కూళ్లన్నీ మూసేశారు. వరుణదేవుడే లీవ్ శాంక్షన్ చేశాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ కావడం అందరూ ఇంట్లో కూర్చుని చూశారు.

లిబెరో నాన్న:
చూసేవాళ్ల గురించి ఇంత చర్చ జరుగుతోంది, ఆడేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదా? మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, జిల్లా స్థాయిలో వాలీబాల్ ఆడుతుంది. పోయినేడు సెలక్షన్లకు మూడు రోజులు వెళ్లింది. ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే స్కూలు పని మీద వెళ్లినట్టు హాజరు వేయడం) అడిగాం. "జిల్లా పోటీలకు ఓడీ లేదు" అని మూడు రోజులూ ఆబ్సెంట్ వేశారు. అదే ట్రోఫీ గెలిచి తెస్తే అసెంబ్లీలో చప్పట్లు, బ్రోషర్లో ఫోటో. సీబీఎస్ఈ జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే, బోర్డు పరీక్షలు రాసే పిల్లలకు పరీక్ష వేరే తేదీన పెడుతుంది. హాజరు 75 శాతానికి తగ్గినా సడలింపు ఉంది. కానీ ఎవరూ ఒకేసారి జాతీయ స్థాయికి ఎగిరిపోరు కదండీ, జిల్లా దాటుకునే వెళ్లాలి. గుకేశ్ నాలుగో క్లాసు తర్వాత రెగ్యులర్‌గా స్కూలుకు వెళ్లలేదు. అది అందరి ఇళ్లలో కుదిరే పనా?

అమ్మా, మీ మీద కోపం కాదు. టికెట్ దొరికినవాడికి లీవ్ ఇచ్చి, మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడే పిల్లకు ఆబ్సెంట్ వేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వేలచ్చేరి అమ్మ:
లిబెరో నాన్న గారూ, నిజం చెప్తున్నాను, మీరు రాసేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. మా వాడి బెంచీలోనే క్యారమ్స్ ఆడే పిల్లవాడున్నాడు. వాడికీ ఇదే గొడవని నిన్న అడిగితే తెలిసింది.

చాక్‌పీస్ గారూ, రీటెస్ట్ సంగతి మీరు చెప్పాక నా గొంతు కొంచెం తగ్గింది. ఉప్మా వద్దు గారూ, మీకు జవాబు లేదు, మా మామగారిదీ అదే మాట.

శనివారం అడగబోయేది ఇదీ. మొదట, జిల్లా పోటీలకు కూడా ఓడీ. ఆ తర్వాతే మా గోల: ఏడాదికి ఒక్క రోజు, పది రోజుల ముందే, ఉన్న కారణం ఉన్నట్టు రాసిన లెటర్‌కు లీవ్. ఆ రోజు టెస్టు ఉంటే మళ్లీ పెట్టక్కర్లేదు, ఆ మార్కులు లెక్కలోంచి తీసేస్తే చాలు. స్కూలంతటికీ సెలవు అడగను.

వేలచ్చేరి అమ్మ:
మీటింగ్ అయింది. జిల్లా పోటీలకు ఓడీ ఒప్పుకున్నారు, అసోసియేషన్ లెటర్ తేవాలట. మ్యాచ్ లీవ్ గురించి "చూద్దాం" అన్నారు. అంటే లేదనే. బయటికొస్తుంటే ఆ మిస్ ఎదురై తాతగారు ఎలా ఉన్నారని అడిగారు. నవ్వుతూనే అడిగారు లెండి. బాగున్నారు, ఎప్పుడూ సుస్తీ చేయలేదు అని చెప్పేశాను.