ట్రంప్ కార్డుల్లో ఏ సెట్టు గొప్పది: యోకోజునా ఉన్నదా, రాక్ ఉన్నదా, ఖలీ ఉన్నదా?

గుంటూరు కుర్రాడు

అన్నలూ, ఒక సలహా కావాలి. ఇల్లు సర్దుతుంటే అటక మీద బూట్ల డబ్బాలో నా పాత రెజ్లింగ్ ట్రంప్ కార్డులు దొరికాయి, మూడు సెట్లు, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయినా కార్డులు మాత్రం బాగానే ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం: ఒక్కో కార్డు మీద ఒక రెజ్లర్ బొమ్మ, హైట్, వెయిట్ లాంటి గడుల్లో అతని అంకెలు ఉంటాయి; ఒకడు ఒక గడి పేరు పలికితే మామూలుగా పెద్ద అంకె ఉన్నవాడు ఎదుటివాడి కార్డు తీసుకుంటాడు. ఒకటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అమెరికా రెజ్లింగ్ కంపెనీ, ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రోజులది, అందులో హోగన్, ఆండ్రే, యోకోజునా, జెయింట్ గొంజాలెజ్, బ్రెట్ హార్ట్ ఉన్నారు. రెండోది రాక్, స్టోన్ కోల్డ్, కేన్, మ్యాన్‌కైండ్ వచ్చాక కొన్నది. మూడోది మా తమ్ముడిది, జాన్ సీనా, బటీస్టా, రే మిస్టీరియో, మన ఖలీ ఉన్నది.

దసరా సెలవులకి మా అక్క పిల్లలు వస్తున్నారు, బాబుకి పదేళ్లు, పాపకి ఎనిమిది. ఫోన్ పక్కన పెట్టించి ఈ ఆట నేర్పాలని నాకు చాలా కోరికగా ఉంది. నా ఓటు మొదటి సెట్టుకే. మా తమ్ముడేమో అది అసలు ఆటే కాదు, పెద్ద కార్డు ఎవరికి పడితే వాడిదే గెలుపు అంటున్నాడు. ఏ సెట్టుతో మొదలుపెట్టాలి? ఎందుకో కూడా చెప్పండి.

కాజీపేట జంక్షన్

మొదటి సెట్టే అన్నా, ఇందులో రెండో మాట లేదు. ఆ కార్డులకి ఉన్న భయం తర్వాత ఏ సెట్టులోనూ రాలేదు. గొంజాలెజ్ హైట్ ఎనిమిది అడుగులు, యోకోజునా వెయిట్ 505 పౌండ్లు, హోగన్ బైసెప్స్ 24 అంగుళాలు, ఇవి మాకు ఎక్కాల కంటే ముందు నోటికొచ్చాయి. ఎదుటివాడు "హైట్" అని గట్టిగా అరిచాడంటే చేతిలో ఏముందో తెలిసిపోయి కడుపులో తిప్పేది. మా క్వార్టర్స్‌లో కేబుల్ లేదు, వీళ్లలో సగం మందిని ఆడగా చూసిందే లేదు, కార్డు మీద బొమ్మ చూసే మనిషి ఎలా కొడతాడో ఊహించుకునేవాళ్లం. గొంజాలెజ్ అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడని, అసలు ఎత్తు ఎనిమిది అడుగులు లేదని, 1993లో వాళ్ల పెద్ద వార్షిక షో రెసిల్‌మేనియాలో అండర్‌టేకర్‌తో అతని ఫైట్ ఏమంత బాగోలేదని చాలా ఏళ్లకి తెలిసింది. అయినా ఆ కార్డు మీద నాకు గౌరవం ఇసుమంత తగ్గలేదు.

ఐదో తరగతి ఎండాకాలంలో నా యోకోజునాని పందెంలో పోగొట్టుకున్నాను. ఆ రాత్రి అన్నం తినలేదు. ఏ సెట్టు గొప్పదో చెప్పడానికి నాకు ఇంతకంటే కొలత తెలియదు.

రాక్ బాటమ్ బెజవాడ

కాజీపేట అన్నా, మీ ప్రేమ అర్థమైంది కానీ మీ తమ్ముడు చెప్పిందే రైటు అంటాను గుంటూరు బ్రదర్. ఒక్కసారి ఆట ఎలా నడుస్తుందో చూడండి. పై కార్డు ఒక్కటే చూసుకుంటాం, గెలిచినవాడే మళ్లీ అడుగుతాడు. మొదటి సెట్టులో గొంజాలెజ్, ఆండ్రే, యోకోజునా, ఎర్త్‌క్వేక్ ఒకడి దగ్గర చేరాక వాడు హైట్, వెయిట్, మళ్లీ హైట్ అనుకుంటూ పోతాడు, ఎదుటివాడు కార్డులు ఇచ్చుకుంటూ కూర్చోవాలి. చెస్ట్, ఫైట్స్ ఫాట్ (ఆడిన ఫైట్లు), ఫైట్స్ వన్ (గెలిచినవి) అన్న గడులు కార్డు మీద ఉండి కూడా ఎవరూ పలకరు. 1-2-3 కిడ్ కార్డు గుర్తుందా? 1993 మే నెలలో "రా" అనే వారం వారం వచ్చే టీవీ షోలో రేజర్ రామన్‌ని పడగొట్టి అందరినీ ఆశ్చర్యపరిచిన కుర్రాడు, మన ఆటలో మాత్రం ఆ కార్డు ఎవరి చేతికొచ్చినా మొహం మాడిపోయేది.

రెండో సెట్టు అలా కాదు. బిగ్ షో, కేన్ లాంటి ఏడడుగుల వాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ మిగతా అందరూ దగ్గర దగ్గరగా ఉంటారు. రాక్ ఆరడుగుల ఐదు, ట్రిపుల్ హెచ్ ఆరడుగుల నాలుగు, స్టోన్ కోల్డ్ ఆరడుగుల రెండు. ఒక్క అంగుళంలో కార్డు పోతుంది, కాబట్టి ఎవరి నంబర్ ఎంతో బుర్రలో పెట్టుకోవాలి, ఎదుటివాడి దగ్గర ఏయే కార్డులు తిరుగుతున్నాయో లెక్క ఉండాలి. స్టోన్ కోల్డ్ చేతిలో ఉంటే హైట్ అడగవు, ర్యాంక్ అడుగుతావు, అక్కడ చిన్న అంకె గెలుస్తుంది. మా మేడ మీద ఒక ఆట మధ్యాహ్నం మొదలైతే చీకటి పడేదాకా తెగేది కాదు. పిల్లలకి ఆలోచించడం రావాలంటే ఇదే.

ఎడిసన్ నుంచి

నేను మూడో సెట్టు వైపు అండి, ఎవరూ దాని గురించి మాట్లాడకపోతే బాధగా ఉంది. మీరిద్దరూ మీ చిన్నతనానికి ఓటేస్తున్నారు, ఆడేది ఇప్పటి పిల్లలు కదా. వాళ్లకి సీనా తెలుసు. ఖలీ అంటే హిమాచల్ మనిషి, పంజాబ్ పోలీసులో పనిచేసినవాడు, 2006లో వచ్చీరాగానే అండర్‌టేకర్‌ని ఓడించి మరుసటి ఏడాది వరల్డ్ హెవీవెయిట్ బెల్టు కట్టుకున్నవాడు, ఈ కథ చెప్పి కార్డు చేతిలో పెడితే పిల్లలు వదలరు. రే మిస్టీరియో సంగతీ చూడండి. ఐదడుగుల ఆరంగుళాలు, 175 పౌండ్లు, 2006 రాయల్ రంబుల్‌లో (ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగే ఫైట్, చివరిదాకా మిగిలినవాడిదే గెలుపు) రెండో నంబర్‌గా దిగి గంటకి పైగా నిలబడి గెలిచాడు. ఎనిమిదేళ్ల పాపకి నేనైతే ముందు ఆ కార్డే చూపిస్తాను.

ఇంకో మాట, దయచేసి మూడు సెట్లూ కలిపేయకండి. నేను ఒకసారి ఆ తప్పు చేశాను. వెనక రంగులు వేరు, ఒక దాంట్లో పౌండ్లు ఇంకో దాంట్లో కిలోలు, ర్యాంక్ 1 ముగ్గురికి ఉంటుంది, అండర్‌టేకర్ రెండు సెట్లలో రెండు బరువులతో వస్తాడు. ఆట మొత్తం గొడవతోనే అయిపోయింది.

కాజీపేట జంక్షన్

బెజవాడ తమ్ముడు చెప్పిన లోపం నిజమే, కాదనను. దానికి మా క్వార్టర్స్‌లో ఒక రూలు ఉండేది, ఇప్పుడే గుర్తొచ్చింది. ఒకసారి పలికిన గడిని వెంటనే మళ్లీ పలకకూడదు, మధ్యలో ఇంకో రెండు గడులు పోవాలి. హైట్ అన్నావా, తర్వాత ఛెస్టో ర్యాంకో అడగాల్సిందే. అప్పుడు గొంజాలెజ్ ఒకసారి గెలిపిస్తాడు, తర్వాతి కార్డు వెయిట్‌కి పోతే ఆ తర్వాత నీ దగ్గర ఏముందో నువ్వే వెతుక్కోవాలి. ఈ రూలు పెట్టుకుని మొదటి సెట్టు ఆడి చూడండి.

రాక్ బాటమ్ బెజవాడ

ఈ రూలు మాకు తెలియదు అన్నా. దీంతో అయితే కిడ్ కార్డుకి కూడా బతుకు ఉంటుంది. నా ఓటు రెండో సెట్టుకే, కానీ మొదటిది ఆటే కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

గుంటూరు కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. పిల్లలు వచ్చి నాలుగు రోజులైంది. ఎడిసన్ గారు చెప్పినట్టు మూడో సెట్టుతో మొదలుపెట్టాను, ఖలీ కథ చెప్పాను, బాబు ఆ కార్డుని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. రెండో రోజు మొదటి సెట్టు తీసి కాజీపేట అన్న రూలు పెట్టాం. అప్పటి నుంచి వేరే సెట్టు ముట్టుకోనివ్వట్లేదు. నిన్న పాప కిడ్ కార్డు మీద ర్యాంక్ అడిగి వాళ్ల అన్న దగ్గర ఆండ్రేని లాక్కుంది, ఇల్లంతా ఒకటే అరుపులు, మా అమ్మ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

ఒక్క చిక్కు మిగిలింది. నా యోకోజునా కార్డుకి మూల చిరిగి ఉంది. కట్ట పైకి వచ్చాడంటే వెనక నుంచే తెలిసిపోతోంది, పాప అది కనిపెట్టి ఆ సమయంలో వెయిట్ అడగడం మానేసింది, బాబు తొండి అని ఏడుస్తున్నాడు. అదే సెట్టులో యోకోజునా రెండోది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వెనక నీలం రంగు, బరువు పౌండ్లలో ఉండాలి. పోస్టు ఖర్చు నాదే, సెలవులు అయ్యేలోపు చేరితే చాలు.