అప్‌డేట్: అట్టపెట్టెల యూనిట్ మూసేయాలా అని అడిగాను కదా

జీడిమెట్లలో మాది చిన్న అట్టపెట్టెల యూనిట్ అనీ, పెద్ద కస్టమర్ ఒకరు బిల్లులు ఆపేశారనీ, మూసేసి మళ్లీ ఉద్యోగంలో చేరాలా అనీ అడిగాను. ఏమైందని చాలామంది అడుగుతున్నారు.

మూయలేదు. అలాగని గట్టెక్కామనీ అనను.

"ఎంఎస్‌ఎంఈ సమాధాన్‌లో కేసు వేయండి" అన్న అన్నగారికి దండం. చిన్న యూనిట్లు తమకు రావాల్సిన బాకీల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ పోర్టల్ అది. వేశాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్ల ప్రభుత్వ నమోదు) ముందే ఉండటం కలిసొచ్చింది. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఆపితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ కేసులు విచారించే కౌన్సిల్ ఇచ్చిన తీర్పును కొన్నవాళ్లు కోర్టులో సవాలు చేయాలన్నా, ముందు తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. అప్పటిదాకా ఫోనెత్తని ఆ కస్టమర్ అకౌంట్స్ ఆయన, నోటీసు అందగానే "సార్, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు! కొంత వచ్చింది. మిగతాది విచారణలో ఉంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, నేను ఆ లెక్క నమ్ముకుని కూర్చోలేదు.

అసలు కష్టం మెషీన్ అమ్మడం. స్టిచింగ్ మెషీన్‌ను ఆటో ట్రాలీ ఎక్కించే ముందు మా ఆపరేటర్ దాన్ని శుభ్రంగా తుడిచి, నూనె వేసి మరీ పంపాడు. ఆ డబ్బుతో కాగితం రీళ్ల బాకీ తీర్చాం. ఇప్పుడు స్వీట్ షాపులకు, పచ్చళ్ల పార్సిళ్లకు చిన్న పెట్టెలు చేస్తున్నాం. సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే కటింగ్. మార్జిన్ తక్కువే, టెన్షన్ కూడా తక్కువే.

ఉగాదికల్లా జీతాలు, అద్దె ఈ ఆర్డర్లతోనే వెళ్లకపోతే ఉద్యోగం చూసుకోవాలని మా ఆవిడ షరతు. న్యాయమైనదే, ఒప్పుకున్నాను.

ట్రేడింగ్ చేసేవాళ్లు కూడా అడిగారు: ఉద్యమ్ ఉన్నా, ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ వ్యాపారులకు వర్తించదు. తయారీ, సేవల యూనిట్లకే.